ఒక అంగుళం కోసం ఆళ్లగడ్డ దాకా

అహోబిలం చూడటానికి ఆళ్లగడ్డ మీదుగా పోయినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అంగుళం తగాదా తేల్చుకోవడానికి ఆళ్లగడ్డ పోయినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను. వచ్చి పది రోజులైంది. ఇంట్లో వాళ్లకీ వీధిలో వాళ్లకీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, ఇక రాసేస్తే పోలా అనిపించింది.

నాది తెనాలి. కట్టుడుపళ్లు చేసే ల్యాబ్ నడుపుతాను. డాక్టర్లు నోటి అచ్చు పంపితే దానికి సరిపోయే పళ్లసెట్టు చేసి పంపడం నా పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెద్దాయన అన్నం నమల్లేడు. అందుకని నా కన్నన్నా, నా కొలతన్నా నాకు కొంచెం పొగరు. కొంచెం కాదు, బోలెడు అంటాడు మా ఆయన.

మిగిలిపోయిన పళ్లసెట్టు ముద్దతో బొటనవేలంత బొమ్మలు పోసి, రంగులేసి, వాటితో యుద్ధం ఆడటం నా పిచ్చి. ఆట తేలికే. మూడడుగుల బల్ల, దాని మీద అట్టముక్కల గోడలు, రాళ్ల గుట్టలు. నా వైపు ఒక నాయకుడితో కలిపి ఐదు బొమ్మలు, ఎదుటివాళ్ల వైపూ అలాగే ఐదు. నేనొక బొమ్మను కదిపితే, తర్వాత వాళ్లొకటి కదుపుతారు. చదరంగంలోలా గళ్లుండవు, టేపుతో కొలిచి నడపాలి. బొమ్మ ఆరంగుళాలు నడుస్తుంది. విలుకాడి బాణం పన్నెండంగుళాల లోపు ఉన్నవాణ్ణి అందుకుంటుంది. అందితే పాచిక వేసి తగిలిందో లేదో చూడాలి. అందకపోతే పాచిక ముట్టుకునే పనే లేదు. అంటే అంతా కొలత మీదే ఉంది.

తెనాలిలో ఈ ఆట ఆడేవాళ్లం ఇద్దరం, నేనూ నా నీడా. అందుకని బొమ్మలు చేసేవాళ్ల కోసం ఫోన్లో వెతికితే ఓబులేసు దొరికాడు. ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పి. నలభై ఏళ్లుంటాయి, నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు. ఆట పుస్తకం ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి ఫోన్లో నోటితో నేర్పాను. నా ఐదుగురికీ నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపితే, పనిలో రాలిన రాతిముక్కల్లో నా వైపు బొమ్మలుగా అచ్చం వాళ్లలాగే చెక్కుకున్నాడు. అప్పట్నుంచి రెండేళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట. బల్ల అతనిదే, కొలతబద్ద అతనిదే, చెయ్యీ అతనిదే. నేను వీడియోలో చూస్తూ "రెండోవాణ్ణి గోడ చాటుకి తోలు" అంటే తోలేవాడు.

పది ఆటల్లో ఏడు నావే. అలాంటిదాన్ని కడుపు నిండి నోరు మూసుకోవాలా వద్దా? నెలన్నర కింద ఒక ఆదివారం, నా ఒకే ఒక్క విలుకాడు అతని నాయకుడి మీద బాణం వేశాడు. "అందలేదక్కా, పన్నెండున్నర" అన్నాడు ఓబులేసు. నా కంటికి అందినట్టే ఉంది. ఫోన్ తెర ఫోటో తీసి, ల్యాబ్‌లో పళ్లు కొలిచే పరికరంతో లెక్క కట్టాను. పదకొండున్నర వచ్చింది. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. "దొంగ కొలత! అంగుళం మింగేశావు!" అని అరిచాను. అటువైపు ఫోన్ స్పీకర్లో ఉంది. ఆ ఆదివారం అర్జెంటు పని ఉండి, విగ్రహాలు చెక్కే పెరట్లో పనివాళ్లందరూ ఉన్నారు. ఓబులేసు ఫోన్ పెట్టేశాడు.

నెల తర్వాత అతని భార్య రవణమ్మ ఫోన్ చేసింది. అంతకుముందు ఆమెతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

"మా ఇంటాయన పనికాడ రాళ్ల మీద గీతలు గీసే మనిషి. ఆయప్ప గీత గీసినాంకే ఎవురైనా ఉలి పెట్టేది. నువ్వు దొంగ కొలత అంటివి, అందరూ వినిరి. పెద్దమేస్త్రి ఏమన్నాడో తెల్సునా? ఆటయితే ఏందీ, కొలత మీద మాట పడింది, తేలేదాకా గీత ముట్టొద్దన్నాడు. నెల నుంచి ఉప్పుకాగితం పట్టుకోని రాయి రుద్దుతాండాడు. నువ్వన్న మాట నువ్వే వచ్చి తేల్చు. టేపు నీదే తెచ్చుకో."

వస్తానన్నాను. కానీ అబద్ధమెందుకు, నేనే కరెక్టన్న పట్టు మాత్రం పోలేదు. పరికరంతో కొలిచాను కదా! నేను కరెక్టయితే అతని చేతిలో పని పోతుంది. కాకపోతే నా పరువు పోతుంది. ఈ రెంటిలో ఏది పోవాలో తేల్చుకోకుండానే బొమ్మలూ టేపూ సంచిలో వేసుకుని రైలెక్కాను.

నల్లమలలో సీతాఫలం

గుంటూరు దాటాక మా వైపు పచ్చదనం మెల్లగా పల్చబడి, ఆ తర్వాత అడవి ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. నల్లమల నేను చూడటం అదే మొదటిసారి. కిటికీలోంచి చెయ్యి పెడితే ఆకులు తగిలేంత దగ్గర. సొరంగంలోకి పోయినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఒకటే కేక. నేనూ వేశాను, ఎవరు చూడొచ్చారు.

ఎదురుగా సలోమి టీచరుగారు కూర్చున్నారు. పగిడ్యాలలో బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారట, ఒంగోలులో చెల్లెలి ఇంటికి పోయి వస్తున్నారు. టిఫిన్ డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, సజ్జరొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టారు. నడుమ బుడ్డల పొడి. వేరుశనక్కాయల్ని వాళ్లు బుడ్డలంటారు. మా వైపు రైల్లో తెలియనివాళ్లకి పెట్టాలంటే "తింటారా, తినరా" అని పావుగంట మొహమాటపడతాం. ఆవిడ అడగనేలేదు, పెట్టేశారు.

"మహానందికా?" అన్నారు.

"కాదండీ, ఆళ్లగడ్డకి."

"ఓ, అహోబిలం."

"కాదండీ, ఆట ఆడటానికి."

ఆవిడ నమలడం ఆపారు. సంచిలోంచి బొమ్మల పెట్టె తీసి చూపించాను. జరిగిందంతా చెప్పాను. చెప్పేటప్పుడు నా వైపు న్యాయం కొంచెం దట్టంగానే పూశాను. ఆవిడ అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"సరేమ్మా. నువ్వే కరెక్టని తేలితే ఏం చేస్తావు? ఆ అబ్బాయి పని పోనిస్తావా?"

నేను బొమ్మల్ని తిరిగి పెట్టెలో సర్దుకున్నాను. ఆవిడ కూడా బలవంతపెట్టలేదు. ఒక స్టేషన్లో నల్లమల సీతాఫలాలు అమ్మకానికొచ్చాయి, బుట్ట వంద రూపాయలు. ఇంత పెద్దవి మీ తెనాలిలో ఉంటాయా అన్నారు టీచరుగారు. నేను ఊరుకునేదాన్నా? సంచిలోంచి టేపు తీసి పండు చుట్టుకొలత కొలిచి, ఉంటాయని వాదించాను. తర్వాత ఇద్దరం కూర్చుని గింజలు ఉమ్ముతూ అరబుట్ట ఖాళీ చేశాం. తొక్కలన్నీ పేపర్లో చుట్టి చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి పడుకున్నాను.

నంద్యాలలో దిగాక లాడ్జిలో సంచి తెరిస్తే టేపు లేదు. తొక్కలతో పాటే చుట్టి పారేశాను! కొలత తేల్చడానికి పోతూ టేపు పారేసుకున్న మనిషిని ఏమంటారో మీరే చెప్పండి.

నంద్యాలలో ఊగే కొక్కెం

పొద్దున్నే ఉగ్గాని తిన్నాను. మనం మరమరాలంటామే, వాటిని వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. నలభై రూపాయలు. మరమరాలంటే సాయంత్రం కాలక్షేపమనుకునేదాన్ని, నంద్యాల వాళ్లు వాటితో పొద్దున్నే కడుపు నింపేశారు. తెనాలిలో ఇది దొరకదే అని మొదటి ముద్దకే దిగులేసింది. బజ్జీ కొరికాక దిగులు పోయి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

బజారులో హార్డ్‌వేర్ కొట్టు ఒకటి అప్పుడే తెరుస్తున్నారు. కొట్టాయన పేరు మస్తాన్ వలీ. తెల్ల గడ్డం, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. స్టీలు టేపు ఇచ్చాడు, నూట ఇరవై. లాగి చూస్తే చివర కొక్కెం అటూ ఇటూ ఊగుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఇది, కొత్తదంటూ వదులైపోయిన టేపు అంటగడుతున్నారా?"

ఆయన నా వైపు చూశాడు. "యాడి నుంచి వచ్చినావమ్మా?"

"తెనాలి."

"ఆడ టేపులు వాడరా?"

పక్కన సున్నం కొనడానికి వచ్చిన ఇద్దరు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. టేపు నా చేతిలోంచి తీసుకుని కొక్కేన్ని బల్ల అంచుకు తగిలించి లాగాడు. తర్వాత దాన్నే గోడకు ఆనించి నొక్కాడు.

"చూడు. తగిలించి లాగితే బయటికి వస్తది. గోడకు ఆనిస్తే లోపలికి పోతది. ఎంత ఊగుతాంది? ఆ కొక్కెం రేకు మందమంత. ఇట్ల కొలిచినా అట్ల కొలిచినా లెక్క ఒకటే రావల్లని అట్ల జేసినారు. ఊగకుంటేనే తప్పు కొలత."

ఇరవై ఏళ్లుగా నా ల్యాబ్‌లో టేపుంది. ఊగుతోందని రెండుసార్లు సుత్తితో కొట్టి బిగించాను కూడా. ఆ మాట ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

మొహం ఎర్రబడి డబ్బులు తీస్తుంటే ఆయన టీ తెప్పించాడు. మహానందికా, అహోబిలానికా అని ఆయనా అడిగాడు. ఆట సంగతి చెబితే మొత్తం విని, నేనిచ్చిన దాంట్లోంచి పది రూపాయలు వెనక్కిచ్చాడు.

"ఆటకైతే తగ్గిస్తా. కానీ శిల్పులతోటి కొలత పోటీ పెట్టుకునేకి పోతాండావు చూడు, నీ ధైర్యానికి ఇంకో పది తగ్గించల్ల."

తగ్గించలేదు లెండి, మాటవరసకన్నాడు.

ఊరికంటే ముందు దేవుళ్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట పైచిలుకు. రెండు వైపులా నల్లరేగడి, వరి, అక్కడక్కడ పత్తి. ఊరు రాకముందే రోడ్డు పక్కన రేకుల షెడ్లు మొదలయ్యాయి, వాటి ముందు దేవుళ్లు. నిలబడ్డవాళ్లు, పడుకున్నవాళ్లు, లారీ టైరు మీద తల ఆన్చుకున్న ఆంజనేయుడు, ఇంకా మొహం రాని అమ్మవారు. కోత మిషన్ల హోరుకి బస్సు హారన్ కూడా వినబడలేదు. చెట్ల ఆకుల మీద, బడ్డీకొట్ల మీద, మనుషుల కనుబొమల మీద అంతటా తెల్లటి రాతిపొడి. గుడిలో చూసే విగ్రహం ఇలా ఒకడి కాళ్ల మధ్య అడ్డంగా పడుకుని, దెబ్బ దెబ్బకీ కొంచెం కొంచెం దేవుడవుతుందని నాకు తెలియక కాదు. చూడటం వేరు. బస్సు దిగి పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాను.

ఓబులేసు పనిచేసే పెరడు రోడ్డుకు రెండో వరసలో ఉంది, దాన్ని ఆనుకునే అతని ఇల్లు. అతను ఒక నంది మోకాలి దగ్గర కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. వీడియోలో చూసిన దానికంటే బక్కగా ఉన్నాడు. నన్ను చూసి లేచి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"వచ్చినావా అక్కా. అన్నం తిన్నావా?"

దొంగ అన్నదాన్ని అన్నం తిన్నావా అని అడిగాడు. తలూపాను, తిన్నానో లేదో అతనికి అర్థం కాలేదు. ఈలోపు షెడ్డు లోపల్నుంచి పెద్దమేస్త్రి బ్రహ్మయ్యాచారి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి, కళ్లద్దాలకి తాడు కట్టుకుని మెడలో వేసుకున్నారు.

"ఈమేనా? ముందు అన్నం. కొలత యాడికీ పోదు."

రవణమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టింది. కూర నిండా బుడ్డలు దంచి వేసింది, ఘాటు మామూలుగా లేదు. మా తెనాలిలో అన్నం లేకపోతే భోజనమే కాదు. ఇక్కడ అన్నం చివర్లో మజ్జిగతో ఒక పిడికెడు, అదీ అడిగితేనే. ఆమె నాతో మాట్లాడలేదు. కానీ రొట్టె అయిపోతే ఇంకోటి పడుతోంది, వద్దంటే వినడం లేదు. కోపంలో కూడా ఇంత కమ్మగా వండగలిగే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

నా పొరపాటును కూడా చెక్కాడు

భోజనాలయ్యాక ఓబులేసు బల్ల సర్ది, నా ఐదుగురినీ తెచ్చి ముందు పెట్టాడు. రెండేళ్లుగా ఫోన్లో చూస్తున్నవాళ్లే. చేతిలోకి తీసుకున్నాక గానీ తెలియలేదు. నల్లరాయి, చల్లగా, ఆ సైజుకి అనుకోనంత బరువు. కత్తి పట్టుకున్నవాడి వేళ్లు ఐదూ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. నాయకుడి చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇదేంటి, నేను పెట్టలేదే అని నా పెట్టె తెరిచి నా బొమ్మను పక్కన పెట్టి చూశాను. అది మచ్చ కాదు. నేను ముద్ద పోసేటప్పుడు లేచిన గాలిబుడగ. ఫోటోలో కనబడిందని దాన్ని కూడా ఉన్నచోటే, ఉన్నంతే చెక్కాడు.

"ఇది నా పొరపాటు ఓబులేసూ, తీసేయాల్సింది."

"నీ బొమ్మక్కా. ఉండేది ఉండాది. నేనెవర్ని తీసేసేకి?"

అప్పుడే నాకు లోపల భయం మొదలైంది. గాలిబుడగను కూడా వదలని మనిషి అంగుళం మింగుతాడా?

పెద్దమేస్త్రి స్టూలు వేసుకుని కూర్చున్నారు. పెరట్లో పనివాళ్లు మిషన్లు ఆపి చుట్టూ చేరారు. ముందు నా టేపూ ఓబులేసు ఇత్తడి బద్దా పక్కపక్కన పెట్టించారు. గీతకు గీత సరిపోయింది. ఓబులేసు కొలతబద్ద దొంగది కాదని అక్కడికక్కడే తేలింది, అంటే నా వాదం సగం చచ్చింది. మిగతా సగం కోసం ఆట మొదలుపెట్టాం.

అరగంటకి సరిగ్గా ఆ ఆదివారం నాటి ఇరకాటమే వచ్చింది. రప్పించింది నేనే అనుకోండి. నా విలుకాడు గోడ పక్కన, అతని నాయకుడు గుట్ట ముందు. టేపు లాగాను. పదకొండున్నర.

"అందింది!"

ఓబులేసు బద్ద పెట్టాడు. పన్నెండున్నర.

"అందలేదక్కా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు మళ్లీ ఒళ్లు మండబోతుంటే పెద్దమేస్త్రి చెయ్యెత్తారు.

"మల్లా పెట్టండి ఇద్దరూ. చేతులు తియ్యొద్దండి."

పెట్టాం. ఆయన కళ్లద్దాలు తగిలించుకుని వంగి చూశారు. నా టేపు కొక్కెం నా విలుకాడి కింద ఉన్న గుండ్రటి పీఠం అంచుకు తగిలి ఉంది, రెండో కొస అతని నాయకుడి పీఠం అంచు దగ్గర ఆగింది. ఓబులేసు బద్ద ఒక కొస నా విలుకాడి నడినెత్తి మీద, రెండో కొస అతని నాయకుడి నడినెత్తి మీద ఉంది. పీఠాలు పది రూపాయల బిళ్లంత ఉంటాయి. ఇటు అర, అటు అర, మొత్తం అంగుళం.

"నువ్వు యాడ్నుంచి పట్టినావమ్మా?"

"పీఠం అంచు నుంచి."

"నువ్వురా?"

"నడిగీత నుంచి."

ఆయన నా వైపు తిరిగారు. "అంచు కొలతేందీ తల్లీ? అంచు చెక్కితే పోతది. నడిగీత పోదు. మాకు ముక్కైనా, బొడ్డైనా, పాదమైనా అన్నీ ఆ గీత నుంచే."

పెరట్లో ఉన్న రాళ్ల వైపు చూశాను. చెక్కని ప్రతి రాయికీ నిలువునా మధ్యలో ఎర్రటి గీత.

"ఎప్పుడూ ఇలాగే కొలుస్తావా?" అన్నాను ఓబులేసుతో.

"ఇంకెట్ల కొలుస్తారక్కా?"

"నీ బాణాలకి కూడానా?"

అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. "నా బాణాలకి ఏరే కొలత ఉంటాదా?"

నా వైపు విలుకాడు ఒక్కడే, మిగతా అందరూ కత్తివాళ్లు. అతని వైపు విలుకాళ్లు ముగ్గురు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం, ముగ్గురి బాణాలకీ అంగుళం చొప్పున తనే తగ్గించుకుంటూ వచ్చాడు. పదింటికి ఏడు ఆటలు ఎలా గెలిచానో నాకప్పుడు అర్థమైంది. పుస్తకంలో అంచు నుంచి అంచుకు కొలవాలని ఉంది. అది చదివింది నేను. నేర్పింది నేను. ఆ ఒక్క ముక్క అతనికి చెప్పనేలేదు. కొలతంటే అంచు నుంచే కదా, దీన్ని కూడా చెప్పాలా అనుకున్నాను. సిగ్గుచేటు ఏంటంటే, పళ్లసెట్టుకు కూడా ముందు మధ్యగీతే గీస్తాం. రోజూ గీస్తాను.

రెండుసార్లు చెప్పిన మాట

క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. మా ఆయన్ని అడగండి. కానీ ఆ రోజు లేచి నిలబడ్డాను.

"ఇతని కొలతలో దొంగతనం లేదు. ఎక్కణ్ణుంచి కొలవాలో నేర్పేటప్పుడు నేను చెప్పలేదు. తప్పు నాది. తెలుసుకోకుండా దొంగ అన్నది కూడా నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అయిపోయిందనుకుని కూర్చోబోయాను. పెద్దమేస్త్రి వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు.

"ఆ పొద్దు ఎనిమిది మంది ఉండిరి. ఇప్పుడు ఐదుగురుండారు. ముగ్గురు లారీకి రాయి ఎక్కించేకి పోయినారు. వాళ్లొచ్చినాంక మల్లా చెప్పు."

నాకు చుర్రుమంది. ఒకసారి చెప్పడానికే ప్రాణం పోయింది, మళ్లీనా? నోటి దాకా వచ్చింది. ఓబులేసు తలొంచుకుని పీఠం మీద దుమ్ము గోటితో గీకుతున్నాడు. వాకిట్లో నిలబడ్డ రవణమ్మ చాప తెచ్చి నా పక్కన పరిచింది.

"కూసో. టీ పెడతా."

వచ్చినప్పట్నుంచీ ఆమె నాతో అన్న మొదటి మాట అదే. కూర్చున్నాను. గంటసేపు కూర్చున్నాను. ముగ్గురూ వచ్చారు, కాళ్లూ చేతులూ కడుక్కున్నారు, వరసగా నిలబడ్డారు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. అప్పుడు ఆవేశం మీద చెప్పేశాను, ఇప్పుడు ఒక్కో మాటా తెలిసి చెప్పాల్సి వచ్చింది. సగంలో గొంతు తగ్గించేశాను. వాళ్లలో పెద్దవాడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"గెట్టిగా చెప్పమ్మా. మిషన్ల కాడ ఉండి ఉండి ఈ చెవికి ఇనపడదు."

గట్టిగా చెప్పాను. పక్క షెడ్డు వాళ్లు కూడా తొంగిచూశారు.

అప్పుడు పెద్దమేస్త్రి లోపలికి పోయి ఒక రేకుడబ్బా తెచ్చారు. అందులో ఎర్రమట్టి నీళ్లు, నీళ్లలో నానుతున్న దారం. దాన్ని ఓబులేసు చేతిలో పెట్టి, పెరట్లో పడుకోబెట్టి ఉన్న ఆరడుగుల రాయి వైపు గడ్డం ఎత్తారు. నెల నుంచి అది గీత లేకుండా పడుందట. ఆయనే గీయొచ్చు. ఇంకొకరితో గీయించొచ్చు. గీయించలేదు.

ఓబులేసు చేతులు కడుక్కుని వచ్చాడు. ఇత్తడి బద్దతో పైనా కిందా నడిమధ్య గుర్తు పెట్టి, దారం ఒక కొస నాకిచ్చాడు.

"బిగ్గెన పట్టుకోక్కా. కదిలిస్తే దేవుడు వంకర పోతాడు."

ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. దారాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలాడు. టప్పుమంది. రాయి మీద పైనుంచి కిందికి ఎర్రటి గీత పడింది. వెనక రవణమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఒకాయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"ఆట నిలిచిపాయ గదక్కా" అన్నాడు ఓబులేసు. "బేగా రా, పొద్దు పోతాంది. పుస్తకంలో ఉండే మాదిరే ఆడదాం."

ఈసారి అంచు నుంచి. రెండేళ్లుగా ఆగిపోయిన బాణాలన్నీ ఆ సాయంత్రం వరసపెట్టి వచ్చాయి. నా కత్తివాళ్లు బల్ల మధ్యకు కూడా చేరలేదు. నా విలుకాడు గోడ దగ్గరే పడ్డాడు. ఇరవై నిమిషాల్లో నాకు మిగిలింది చెంప మీద మచ్చ ఉన్న నాయకుడొక్కడే. వాణ్ణి ఎంత దూరం పరిగెత్తించాలో అంతా పరిగెత్తించి బల్ల ఆ మూలకు తోశాను. ఓబులేసు తన విలుకాణ్ణి గుట్ట ఎక్కించాడు. బద్ద పక్కన పెట్టేసి, నా టేపు తీసి నా చేతికే ఇచ్చాడు.

"నువ్వే కొలువక్కా."

ఎనిమిది మందీ, పెద్దమేస్త్రీ బల్ల మీదికి వంగారు. కొక్కెం అతని విలుకాడి పీఠం అంచుకు తగిలించి, నా నాయకుడి పీఠం అంచు దాకా లాగాను. పదకొండూ ముప్పావు. లేచి నిలబడి, ఆ ఆదివారం ఫోన్లో ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానూ చెప్పాను.

"అందింది!"